మన చరిత్రకి ఐదేళ్ల గడువు



బందరు, గుడివాడ, దివిసీమల్లో యానాదులం, ఎరుకలం తరాలుగా ఉన్నాం. మరి మన చరిత్ర ఎవరు రాశారు?

ఎరుకలది చాలావరకు పోలీసులే రాశారు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. మనవాళ్ల పేర్లు, వేలిముద్రలు రిజిస్టర్లకెక్కాయి. 1952లో చట్టం పోయింది, కాగితాలు మిగిలాయి. ఇక 1977 నవంబర్ 19 ఉప్పెనలో మన గుడిసెలకి ఏమైందో ముసలివాళ్ల నోటే వినాలి.

ఆ మాటల్ని థీసిస్‌గా రాయాల్సింది మనమే. అందుకు డబ్బు దారి 2005-06లో తెరుచుకుంది: ఎస్సీ, ఎస్టీలకి రాజీవ్ గాంధీ నేషనల్ ఫెలోషిప్. ఇప్పుడు ఎస్టీలది గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఏటా 750 మందికి ఇస్తోంది. యూజీసీ నెలకి 8,000 ఇచ్చే నాన్-నెట్ ఫెలోషిప్ కూడా ఉంది. 2015లో దాన్ని ఆపబోతే ఢిల్లీలో విద్యార్థులు రోడ్డెక్కి నిలబెట్టుకున్నారు. కానీ అది సెంట్రల్ యూనివర్సిటీలకే. 2008లో బందరులో పెట్టిన మన కృష్ణా యూనివర్సిటీ రాష్ట్రానిది.

ఎస్టీ ఫెలోషిప్ ఎక్కువలో ఎక్కువ ఐదేళ్లు. మొదటి రెండేళ్లు పైఖర్చులకి సైన్సు వాళ్లకి ఏటా 12,000, చరిత్ర చదివేవాళ్లకి 10,000. ల్యాబ్ ఖర్చు అందరికీ కనిపిస్తుంది. నాగాయలంక, కోడూరు పదిసార్లు తిరిగి, పీతల వేటకెళ్లిన తాత వచ్చేదాకా గట్టు మీద కూర్చోవడం ఎవరికి కనిపిస్తుంది? రాయడం మొదలెట్టేసరికి డబ్బు ఆగిపోతుంది.

థీసిస్ ముగించడానికి ఇంకో ఏడాది సాయం అడుగుదాం. అప్పటిదాకా డిగ్రీలో ఉండగానే ఇంట్లో పెద్దవాళ్ల మాటలు ఫోన్లో రికార్డు చేద్దాం. ఫెలోషిప్ గడువు ఐదేళ్లే గానీ, మన పని ఈరోజే మొదలుపెట్టొచ్చు.