శ్రోత లైసెన్సు నుంచి మాడ్యూల్ నంబరు దాకా

రేడియో వినడానికి కూడా సర్కారు అనుమతి కావలసిన కాలం మన దేశంలో చాలా ఏళ్లు నడిచింది. 1927లో బొంబాయి, కలకత్తాల్లో ప్రసారాలు మొదలైనప్పుడు శ్రోత ఏటా 10 రూపాయలు కట్టి లైసెన్సు తీసుకోవాలి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంతో లైసెన్సు లేని శ్రోతలను పట్టుకోవడం సాధ్యపడలేదు. అందుకే 1933లో ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం తెచ్చి, లైసెన్సు లేకుండా సెట్టు దగ్గర ఉంచుకోవడమే నేరం చేశారు. రుసుము రాబట్టుకోవడం ఒక కారణమైతే, గాలిలో మాట పంపగల యంత్రం ఎవరి చేతిలో ఉందోనన్న పాలకుల భయం మరొకటి. 1942లో బొంబాయిలో ఉషా మెహతా బృందం రహస్యంగా కాంగ్రెస్ రేడియో నడిపి జైలుకు వెళ్లడంతో ఆ భయం ఎంత లోతైనదో తెలిసింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా పద్ధతి మారలేదు. పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకోవడం తెలుగు ఊళ్లలో పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తే. 1980ల నడిమికి గానీ ఆ రుసుము పోలేదు. అప్పుడు కేవలం వినేవాడికి లైసెన్సు కావలసి వచ్చింది. ఇప్పుడు జేబులో ఫోను, చెవిలో బ్లూటూత్, చేతికి గడియారం పెట్టుకున్న మనిషి నిజానికి మూడు ట్రాన్స్‌మిటర్లు మోస్తున్నాడు, ఆ గడియారానికి గానీ ఇయర్‌ఫోన్‌కు గానీ అతణ్ని లైసెన్సు అడిగేవారు లేరు. ఆర్థిక సరళీకరణ వచ్చి అనుమతులు ఎత్తేశారనేది దీనికి తరచూ వినిపించే సమాధానం. నాకు అది సగమే నిజమనిపిస్తుంది. అనుమతి ఎక్కడికీ పోలేదు, మనిషి మీద నుంచి వస్తువు మీదికి మారింది. వస్తువు అడుగున కళ్లు చికిలించి చదవాల్సిన చిన్న నంబరే ఇప్పుడు దాని చిరునామా.

ఈ మార్పుకు పునాది అమెరికాలో పడింది. అతి తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకు లైసెన్సు అక్కర్లేదన్న నియమాన్ని అక్కడి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, అంటే ఎఫ్‌సీసీ, 1938లోనే ఒప్పుకుంది. అసలు మలుపు 1985 మే నెలలో వచ్చింది. మైక్రోవేవ్ ఓవెన్ల వంటివాటికి వదిలేసిన 2.4 గిగాహెర్ట్జ్ తదితర బ్యాండ్లలో, సంకేతాన్ని విశాలమైన బ్యాండ్ మీద పరిచే స్ప్రెడ్ స్పెక్ట్రమ్ పద్ధతి వాడితే ఒక వాట్ దాకా ఎవరైనా ప్రసారం చేయవచ్చని కమిషన్ తేల్చింది. వైఫై పుట్టింది ఈ జాగాలోనే. అయితే ఆ స్వేచ్ఛకు షరతులున్నాయి. వాడేవాడు లైసెన్సు ఉన్నవారికి అంతరాయం కలిగించకూడదు, తనకు అంతరాయం వస్తే భరించాలి, పరికరాన్ని అమ్మకానికి ముందే పరీక్షించి ధ్రువీకరించాలి. కొన్నవాడు పెద్ద యాంటెన్నా తగిలించి శక్తి పెంచుకోకుండా మామూలు కనెక్టర్లను కూడా నిషేధించారు. వైఫై రూటర్లలో లోపలి పిన్నులు తిరగబడ్డ వింత కనెక్టర్లు కనబడేది అందుకే. వాడకందారును నిఘా నుంచి తప్పించడానికి తయారీదారు చేతులు కట్టవలసి వచ్చింది. నా దృష్టిలో ఇది న్యాయమైన బేరమే.

ల్యాప్‌టాప్‌లలోకి రేడియో కార్డులు చేరాక కొత్త చిక్కు వచ్చింది. ఒకే కార్డు పది మోడళ్లలో పెడితే పదిసార్లూ పూర్తి పరీక్ష చేయించాలా? 2000 జూన్‌లో ఎఫ్‌సీసీ దీనికి దారి చూపింది, 2007లో దాన్ని నియమంగా మార్చింది. మాడ్యూల్ అనే ఆ రేడియో భాగానికి సొంత లోహపు కవచం, సొంత విద్యుత్ నియంత్రణ, లోపలికి వచ్చే డేటాకు అడ్డుగోడగా బఫర్, స్థిరమైన యాంటెన్నా లేదా ప్రత్యేక కనెక్టర్ ఉండి, విడిగా పరీక్షించినప్పుడు నెగ్గితే ఆ మాడ్యూల్‌కు సొంతంగా అనుమతి, ఎఫ్‌సీసీ ఐడీ అనే నంబరు దొరుకుతాయి. దాన్ని లోపల అమర్చుకున్న వస్తువు మీద, లోపలి నంబరు బయటికి కనబడకపోతే, ‘కంటెయిన్స్ ఎఫ్‌సీసీ ఐడీ’ అని రాసి ఆ నంబరు వేయాలి. రేడియో ఇంజనీర్లను పెట్టుకోలేని చిన్న కంపెనీలు కూడా వైర్‌లెస్ వస్తువులు చేయగలగడానికి ఈ ఏర్పాటు ఎంతో తోడ్పడింది. మన దేశం ఈ దారిలోకి 2005లో వచ్చింది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు తీసేసి, బదులుగా వాటి నమూనాకు వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం నుంచి ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ ఉండాలన్నారు. అమెరికా కన్నా 20 ఏళ్లు ఆలస్యమైనా బేరం అదే.

ఇదంతా లైసెన్సు రాజ్యానికి పెట్టిన కొత్త పేరని ఒక అభ్యంతరం ఉంది. చిన్న తయారీదారుకు పరీక్షల ఖర్చు భారమేనన్నది కాదనలేం. కానీ పాత పద్ధతిలో ప్రభుత్వం మనిషి పేరు, ఊరు తన రిజిస్టరులో రాసుకునేది. ఇప్పుడు ఎఫ్‌సీసీ నంబరుతో వెతికితే తయారీదారు పేరు, పరీక్షా నివేదికలు, చాలాసార్లు లోపలి ఫొటోలు కూడా పౌరుడికే కనబడతాయి. ఎవరు ఎవరిని చూస్తున్నారన్నది తలకిందులైంది. యూరప్ ఉదాహరణ మరో అభ్యంతరం. అక్కడ మాడ్యూల్‌కు విడిగా అనుమతి అంటూ లేదు, సీఈ గుర్తు చాలావరకు తయారీదారు తానే చేసుకునే ప్రకటన. నిజమే, అయినా 2014 నాటి రేడియో పరికరాల ఆదేశం ప్రకారం వస్తువు మీద, వీలుకాకపోతే పెట్టె మీదో వెంట వచ్చే పత్రంలోనో, తయారీదారు పేరు, చిరునామా ఉండి తీరాలి. ముందస్తు పరీక్ష తగ్గినా జవాబుదారీ తగ్గలేదు.

వీటికన్నా బలమైన అభ్యంతరం సాంకేతికమైనది. అనుమతి ఉన్న రెండు మాడ్యూళ్లు ఒకే పెట్టెలో ఒకేసారి ప్రసారం చేస్తే, విడివిడిగా నెగ్గినవి కలిసి హద్దు దాటవచ్చు. మాడ్యూల్ నంబరు చూసి వస్తువంతా సరైనదనుకుంటే అది మోసపోవడమే. అందుకే నియమం తుది వస్తువు తయారీదారును వదలదు, మిగతా ఉద్గారాల బాధ్యత అతనిదే. మాడ్యూల్ నంబరు చేసే పని అంతకన్నా చిన్నది: లోపల ఉన్న రేడియో ఎవరిదో చెప్పి, తప్పు జరిగితే ఏ తలుపు తట్టాలో చూపడం. ఆ చిన్న పని లేకపోతే ఎక్కడో కొన్న విడిభాగంతో చేసిన పరికరం ఆకాశవాణినో విమానాశ్రయ రాడార్‌నో చెడగొడితే మూలం దొరకదు.

ఈ దృష్టితో చూస్తే 2014లో అమెరికా తెచ్చిన ఈ-లేబుల్ చట్టం నాకు పూర్తిగా నచ్చదు. తెర ఉన్న పరికరాలు నంబరును తెర మీదే చూపవచ్చని అది అనుమతించింది, మాడ్యూళ్లకూ ఎలక్ట్రానిక్ ప్రదర్శన వెసులుబాటు ఉంది. గడియారమంత వస్తువు మీద జాగా లేదన్న వాదన సబబే, అమ్మేటప్పుడు పెట్టె మీదో ఊడదీయగల స్టిక్కర్ మీదో నంబరు ఉండాలన్న షరతూ మంచిదే. కానీ పెట్టె చెత్తలోకి పోతుంది, తెర పగులుతుంది. అంతరాయం కలిగిస్తున్న పరికరం పాత సామాన్ల అంగట్లోనో, మరమ్మతు బల్ల మీదో దొరికినప్పుడు దాని ఆచూకీ చెప్పగలిగేది మాడ్యూల్ కవచం మీద అచ్చేసిన నంబరే. బయటి లేబుల్‌కు ఎన్ని రాయితీలిచ్చినా, ఆ నంబరును మాత్రం లోహం మీదే ఉంచాలి.