నక్క బొమ్మను మోసినవాళ్లు

2004 డిసెంబర్ 16న న్యూయార్క్ టైమ్స్ తిరగేసినవాళ్లకు రెండు నిండు పేజీల ప్రకటన ఒకటి ఎదురైంది. బ్యాంకుదీ కాదు, కార్ల కంపెనీదీ కాదు. ఫైర్‌ఫాక్స్ అనే బ్రౌజర్‌ది. ఆ ప్రకటనలో వింత ఏమిటంటే పేర్లు. చీమల బారుల్లా, కళ్లు చికిలించుకుని చదవాల్సినంత సన్నటి అక్షరాల్లో దాదాపు పదివేల పేర్లు. వాళ్లెవరూ తారలు కారు, దాన్ని తయారుచేసే సంస్థలో వాటాదారులూ కారు. ప్రకటన ఖర్చుకు చందా వేసిన మామూలు వాడుకరులు. పది రోజుల్లో 2,50,000 డాలర్లు పోగయ్యాయి. అంటే తలకు సుమారు 25 డాలర్లు. ఉచితంగా దొరికే సరుకును పదిమందికీ చెప్పడానికి ఎదురు డబ్బిచ్చారన్నమాట.

సాఫ్ట్‌వేర్ లోకంలో అంతకుముందు ఇలాంటిది జరగలేదని నా అభిప్రాయం. తర్వాత కూడా అంత ఊపుతో జరగలేదు. ఎందుకు జరిగింది, ఎందుకు ఆగింది అన్నదే ఇక్కడ చూడదలచుకున్నది.

ఫైర్‌ఫాక్స్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, అంటే కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చుకుని, పంచుకోగలది. ఆ కోవ మనుషులకు మొదట్లో ప్రచారమంటే గిట్టేది కాదు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ పథకాన్ని ప్రకటించినా, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ తన లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గురించి చెప్పుకున్నా, అది తోటి ప్రోగ్రామర్లతో మాటామంతీయే. సరుకు బాగుంటే జనమే వస్తారనే ధీమా. ఆ ధీమా 1998లో సడలింది. ఆ ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో కొందరు కూర్చుని మాట్లాడుకుంటున్నప్పుడు క్రిస్టీన్ పీటర్సన్ 'ఓపెన్ సోర్స్' అన్న మాటను ముందుకు తెచ్చారు. ఇంగ్లీషులో 'ఫ్రీ' అంటే స్వేచ్ఛా అవుతుంది, ఉచితమూ అవుతుంది. ఆ తికమకకు వ్యాపారస్తులు బెదిరిపోతున్నారని కొత్త పేరు పెట్టారు. స్టాల్‌మన్‌కు అది రుచించలేదు, ఇప్పటికీ రుచించదు. మనకైతే ఆ పేచీయే లేదు. రెంటికీ రెండు మాటలున్నాయి. 2005లో హైదరాబాద్‌లో మొదలైన ఉద్యమం తన తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌కు హాయిగా 'స్వేచ్ఛ' అని పేరు పెట్టుకుంది.

'ఓపెన్ సోర్స్' అన్న పేరు పుట్టడానికి కారణమైన కబురు నెట్‌స్కేప్‌ది. మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ దెబ్బకు కుదేలైన ఆ కంపెనీ, తన బ్రౌజర్ కోడ్‌ను అందరికీ ఇచ్చేస్తామని 1998 జనవరి 22న చెప్పి, మార్చి 31న ఇచ్చేసింది. అలా మొజిల్లా పుట్టింది. తర్వాత ఐదేళ్లూ నత్తనడకే. నెట్‌స్కేప్‌ను కొన్న ఏఓఎల్ 2003 జూలైలో చేతులు దులుపుకుంటూ 20 లక్షల డాలర్లు చేతిలో పెట్టింది. మొజిల్లా ఫౌండేషన్ ఆ డబ్బుతో మొదలైంది. అందులో ప్రకటనలకు మిగిలేదేముంటుంది?

డబ్బు సంగతి అటుంచితే, మొజిల్లా తయారుచేస్తున్న కొత్త బ్రౌజర్‌కు పేరే కుదరలేదు. 2002లో ఫీనిక్స్ అన్నారు; ఆ పేరు మాదని మరో కంపెనీ అంది. 2003లో ఫైర్‌బర్డ్ అన్నారు. ఆ పేరుతో అప్పటికే ఉన్న డేటాబేస్ వాళ్లు విరుచుకుపడ్డారు. వాళ్లూ ఓపెన్ సోర్స్ వాళ్లే కావడం కొసమెరుపు. చివరికి 2004 ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్స్ దగ్గర స్థిరపడ్డారు. నిజానికి ఆ పేరు ఎర్ర పాండాది. బొమ్మలో మాత్రం నక్కే వచ్చింది. ఆ బొమ్మ వెనక కూడా ఒక కథ ఉంది. మొజిల్లా గుర్తులూ రంగులూ ఎంత అధ్వానంగా ఉన్నాయో స్టీవెన్ గారిటీ అనే కెనడా డిజైనర్ విడమరిచి రాశాడు. ఇంకెవరైనా అయితే కోపగించుకునేవారు. మొజిల్లా వాళ్లు 'అయితే నువ్వే వచ్చి బాగుచెయ్యి' అన్నారు. అతను నలుగురిని పోగేశాడు. భూగోళాన్ని చుట్టుకున్న ఆ మంటల తోకను జాన్ హిక్స్ తీర్చిదిద్దాడు. నక్క తోక తొక్కితే అదృష్టమంటాం కదా, ఆ తోకతో మొజిల్లాకు నిజంగానే దశ తిరిగింది.

2004 జూన్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోని లొసుగుల్లోంచి దొంగ ప్రోగ్రాములు జొరబడి గగ్గోలైంది. వేరే బ్రౌజర్ వాడటమూ ఒక మార్గమేనని అమెరికా ప్రభుత్వ భద్రతా విభాగమే సలహాల్లో చేర్చింది. అదే అదనుగా ఆ సెప్టెంబర్‌లో 'స్ప్రెడ్ ఫైర్‌ఫాక్స్' మొదలైంది. మొజిల్లా బృందంలోని ఏసా డాట్జ్లర్, బ్లేక్ రాస్ వంటివాళ్లు ముందుండి నడిపారు. పద్ధతి తేలికే. ఫైర్‌ఫాక్స్ బొమ్మను మీ సైట్‌లో తగిలించుకోవాలి. దాన్ని నొక్కి ఎందరు వస్తే మీకు అన్ని పాయింట్లు. ఎక్కువమందిని తెచ్చినవాళ్ల పేర్లు పైన కనిపిస్తాయి. పది రోజుల్లో పది లక్షల డౌన్‌లోడ్లు రావాలని పందెం కాస్తే ఐదు రోజులు నిండకుండానే వచ్చాయి. ఈ సరంజామా నడిచిన సాఫ్ట్‌వేర్ కూడా అంతకుముందు అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడ్డ హోవార్డ్ డీన్ ఎన్నికల ప్రచారం కోసం కార్యకర్తలు రాసుకున్న దాని సంతానమే. ఓట్లడిగే నేర్పు బ్రౌజర్‌కు పనికొచ్చింది.

పత్రికా ప్రకటన ఆలోచన రాబ్ డేవిస్ అనే వాడుకరిది. చందాలు అనుకున్నదానికన్నా ఎన్నోరెట్లు రావడంతో పేర్లన్నీ సర్దడానికే వారాలు పట్టి, నవంబర్ 9న వెర్షన్ 1.0 వచ్చాక నెల దాటితే గాని ప్రకటన అచ్చు కాలేదు. ఈలోగా జర్మన్లు తమ చందాలతో ఫ్రాంక్‌ఫుర్టర్ ఆల్గమైనె పత్రికలో తమ ప్రకటన ముందే వేయించుకున్నారు.

ఈ ప్రచారం మనదాకా ఎలా వచ్చింది? నాకు తెలిసింది చెప్తాను. 2005లో మా ఊరి నెట్ సెంటర్‌లో ఐదు ఎంబీ కూడా లేని ఆ ఫైల్ దిగడానికి అరగంట పట్టింది. దించి, సీడీలో రాసుకుని, ఆరు కంప్యూటర్లలోనూ ఎక్కించాను. మర్నాడు వెళ్తే నక్క బొమ్మను ఎవరూ ముట్టుకోలేదు. జనానికి నెట్ అంటే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ గుర్తైన నీలం రంగు 'ఈ' అక్షరమే. చివరికి యజమానిని ఒప్పించి ఆ 'ఈ'ని దాచేశాం. వచ్చిన మొదటి కుర్రాడు తెర వంక చూసి, "అన్నా, నెట్ తీసేశారా?" అన్నాడు. సాయంత్రానికల్లా 'ఈ' మళ్లీ తెర మీదకొచ్చింది.

తెలుగువాళ్లలో నక్కను నిలబెట్టింది నాలాంటివాళ్ల చాదస్తం కాదు, పద్మ. అప్పట్లో మన దినపత్రికల సైట్లు ఒక్కొక్కటీ సొంత ఫాంటుతో వచ్చేవి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తెలుగు కనిపించేది, ఫైర్‌ఫాక్స్‌లో పిచ్చి గీతలు కనిపించేవి. తెలుగు వికీపీడియాకు నాంది పలికిన వెన్న నాగార్జునే, ఫైర్‌ఫాక్స్‌కు తగిలించుకునే 'పద్మ' అనే పొడిగింత రాశారు. అది ఈనాడు, వార్త వంటి పత్రికల ఫాంట్లను అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చేసేది. చదవడమే కాదు, నకలు తీసుకుని మెయిల్‌లో అతికించుకోవచ్చు. పొద్దున్నే పేపరు చదవాలని తపించే ప్రవాసులకు అంతకన్నా ఏం కావాలి? భద్రత గురించి గంటసేపు చెప్పినా వినని మనిషి దీనికి లొంగేవాడు. వాడుకరికి ఏం కావాలో తోటి వాడుకరికి తెలిసినట్టు ఏ ప్రచార విభాగానికీ తెలియదు. అలాగని అంతా సుఖమేం కాదు. ఫైర్‌ఫాక్స్ 3 రాకముందు, రెండంచులూ సమంగా సర్దిన తెలుగు పేజీలో వత్తులు అక్షరాలను వదిలి విడిగా నిలబడేవి. ఆ సంగతి మాత్రం మేం ఎవరికీ ముందు చెప్పేవాళ్లం కాదు.

వాడుకరుల చేత ప్రచారం చేయించుకున్నది ఫైర్‌ఫాక్స్ ఒక్కటే కాదు. ఓపెన్ఆఫీస్ అనే ఆఫీసు సాఫ్ట్‌వేర్ వాళ్లూ దేశదేశానా ప్రచార బాధ్యులను పెట్టుకున్నారు. 2010 సెప్టెంబర్‌లో వాళ్లలో చాలామంది విడిపోయి లిబ్రేఆఫీస్ అన్నారు. అలవాటైన పేరును ఒక్కరోజులో వదులుకుని మళ్లీ మొదటినుంచి చెప్పుకురావడం మామూలు శ్రమ కాదు. అయితే ఆఫీసు సాఫ్ట్‌వేర్ కోసం ఎవరూ పొలాలు తొక్కలేదు. ఫైర్‌ఫాక్స్ కోసం తొక్కారు. 2006 ఆగస్టులో ఓరెగాన్ స్టేట్ యూనివర్సిటీ లినక్స్ బృందపు విద్యార్థులు ఓట్ల చేలో (ఎన్నికల ఓట్లు కావు, గుర్రాలు తినే గింజ) పలకలతో కంకులను అణగదొక్కి, 220 అడుగుల నక్కను గీశారు. నేల మీద నిలబడితే కనిపించదు, విమానంలోంచే చూడాలి.

అప్పటికే మొజిల్లాకు డబ్బు వచ్చేసింది. 2005 ఆగస్టులో ఫౌండేషన్ కింద మొజిల్లా కార్పొరేషన్ అనే కంపెనీ ఏర్పడింది. బ్రౌజర్‌లో ఉండే వెతుకుడు పెట్టెను గూగుల్‌కు ఇచ్చినందుకు వచ్చినదే అధిక భాగంగా, ఆ ఏడాది ఆదాయం 5 కోట్ల డాలర్లు దాటింది. ఇందులో మోసమేమీ లేదు, ఇంజనీర్లకు జీతాలివ్వాలి కదా. కానీ 25 డాలర్లు చందా వేసినవాడి మాటకున్న బలం, 'నాకెవరూ డబ్బివ్వలేదు' అనగలగడంలోనే ఉంది. ఆ మాట ఇంకా నిజమే, వినేవాళ్ల చెవికి మాత్రం తేడాగా తగలడం మొదలైంది. 2006లో ఆ తేడా పైకి తేలింది. డెబియన్ అనే లినక్స్ సముదాయం పూర్తిగా వలంటీర్లదే. వాళ్లు ఫైర్‌ఫాక్స్‌ను పేరుతోనే పంచేవాళ్లు, బొమ్మ మాత్రం వాడేవాళ్లు కారు. ఆ బొమ్మ హక్కులు వాళ్ల నియమాలకు సరిపడేంత స్వేచ్ఛగా లేవు. పేరు కావాలంటే బొమ్మా ఉండాలి, మార్పులు మాకు చూపించాలి అని మొజిల్లా పట్టుబట్టింది. డెబియన్ వాళ్లు ఆ పేరునూ వదిలేసి 'ఐస్‌వీజిల్' అని పేరు పెట్టుకున్నారు. ఊరంతా మోసి పెంచిన పేరును, మోసినవాళ్లలోనే కొందరు వాడుకోలేని స్థితి.

చివరి పెద్ద సంబరం 2008 జూన్ 17. ఒక్కరోజులో అత్యధిక డౌన్‌లోడ్ల గిన్నిస్ రికార్డు కోసం ఫైర్‌ఫాక్స్ 3ను వదిలారు. మనకది రాత్రి పదిన్నర. సర్వర్లు తాకిడికి చతికిలబడి, లెక్క మొదలయ్యేసరికి అర్ధరాత్రి కావస్తోంది. ఇరవై నాలుగు గంటల్లో 80,02,530. ఆ సెప్టెంబర్‌లోనే గూగుల్ క్రోమ్ వచ్చింది. దానికి పాయింట్లూ చందాలూ అక్కర్లేకపోయాయి. లోకమంతా రోజూ తెరిచే పేజీ దాని చేతిలో ఉంది, టీవీ ప్రకటనలకు డబ్బుంది. మన దేశంలో తంజావూరు బొమ్మలు గీసే ఆయన కథతో ప్రకటన తీశారు. బాగానే తీశారు, ఒప్పుకోవాలి.

మొజిల్లా, డెబియన్‌ల తగాదా పదేళ్ల తర్వాత, 2016లో తెగింది. ఐస్‌వీజిల్ మళ్లీ ఫైర్‌ఫాక్స్ అయింది. మన పత్రికలు యూనికోడ్‌కు మారాక పద్మ అవసరమూ తీరిపోయింది. ఆ మధ్య ఊరెళ్తే పాత నెట్ సెంటర్ జిరాక్స్ షాపైంది. మిగిలిన ఒక్క కంప్యూటర్ తెర మీద నాలుగు రంగుల గుండ్రటి బొమ్మ. ఎవరు ఎక్కించారని అడిగాను.

"ఎవరూ ఎక్కించలేదండీ. కొన్నప్పట్నుంచీ ఉంది."