హగరి ఇసుకలో రెండు చక్రాలు

గుమ్మఘట్ట దాటగానే తారురోడ్డు వదిలేస్తాం. కంపచెట్ల సందులోంచి దక్షిణంగా ఒక బండిబాట పోతోంది. చక్రాలు అరగదీసిన రెండు గాడులు, వాటి నడుమ గడ్డి పట్టిన వెన్ను. ఏదో ఒక గాడిలోకి దిగి అందులోనే ఉండాలి. వెన్ను మీదికి ఎక్కితే పల్లేరుకాయలు కాచుకుని ఉంటాయి. ఎడమ పక్క పొద్దు ఇప్పుడే గుట్ట మీదికి తల ఎత్తుతోంది. ఆషాఢపు గాలి అప్పటికే లేచి పడమటి నుంచి కుడిచెవిలోకి కొడుతోంది. హ్యాండిల్ కాస్త పడమటికి తిప్పి పట్టుకుంటేనే సైకిలు తిన్నగా పోతుంది.

టైర్లు లావువి, రెండంగుళాల పైచిలుకు. లోపల ట్యూబు లేదు, దాని బదులు పాలలాంటి జిగట ద్రవం ఉంది. ముల్లు దిగితే ఆ ద్రవమే చిల్లిని పూడుస్తుంది. ఈ సీమలో అది సోకు కాదు, అవసరం. సర్కారు కంప ముల్లు చెప్పు అడుగునే దూసుకుపోతుంది, రబ్బరు దానికో లెక్కా?

అరమైలు పోయాక నేల మారుతుంది. ఎర్రమన్ను పలచబడి గరుసు తేలుతుంది. చింతగింజంత రాళ్ళు గట్టినేల మీద వదులుగా పడి ఉంటాయి. చక్రం కింద అవి దొర్లుతాయి, చక్రమూ వాటితో దొర్లుతుంది. ఇక్కడ మలుపులో ముందు బ్రేకు ముట్టుకోకూడదు. వేగం ముందే తగ్గించుకుని, ఒళ్ళు వెనక్కి జరిపి, చూపు మలుపు చివర నిలపాలి. చూపు రాయి మీద పడిందంటే సైకిలూ ఆ రాయి మీదికే పోతుంది.

ఇరుపక్కలా వేరుశనగ చేలు. కొన్ని మొలిచాయి. కొన్నింటిలో గొర్రు చాళ్ళు అలాగే ఉన్నాయి, విత్తనం మాత్రం ఇంకా మట్టి కిందనే ఆలోచిస్తోంది. అనంతపురంలో ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి. ఈశాన్యపు వాన కోస్తా దాటి ఇంత లోపలికి వచ్చేసరికి దానికి ఓపిక ఉండదు. రెండు రుతుపవనాలకూ దూరపు చుట్టం ఈ ఊరు. మేఘం ఆగదు గానీ దాన్ని తోసుకొచ్చిన గాలి మాత్రం ఆగకుండా వీస్తుంది. అందుకే గుట్టల మీద గాలిమరలు బారులు తీరాయి. వాటి రెక్కలు ఏ వైపు మొహం పెట్టాయో చూస్తే తిరుగు ప్రయాణం ఎంత కష్టమో ఇప్పుడే తెలిసిపోతుంది.

బాట ఒక బండ మీదికి ఎక్కుతుంది. నల్లగా, గరుకుగా ఏనుగు వీపులా ఉంది. ముందు చిన్న పళ్ళ చక్రం, వెనక పెద్దది. సీటు ముక్కు మీదికి జరిగి, ఛాతీ హ్యాండిల్ దాకా వంచి, తొక్కుడు ఆపకుండా ఎక్కాలి. ఆగితే మళ్ళీ కదలడం ఉండదు. ఈ రాతికి టైరు జారదు, అతుక్కుంటుంది. అమెరికాలోని మోఆబ్ అనే ఎడారి ఊరికి ఇలాంటి బండల మీద సైకిలు తొక్కడానికే ప్రపంచమంతా పోతుంది. అక్కడిది ఇసుకరాయి. అక్కడి పేరున్న బాటను 1969లో మోటారుసైకిళ్ళ కోసం గుర్తులు పెట్టి తీశారు, సైకిళ్ళు తర్వాత వచ్చాయి. ఇక్కడ ఎవరూ ఏ గుర్తూ పెట్టలేదు. బండ మీద ఉన్నవల్లా ఎండిన గొర్రె పెంటికలు. ఎటు పోవాలో అవే చెబుతాయి. నన్నడిగితే పెయింటు బాణం కన్నా అవే నమ్మకం. గొర్రె ఎప్పుడూ సుళువైన వాలునే వెతుక్కుంటుంది.

బండ పైన ఊపిరి తీసుకునేంతసేపు ఆగవచ్చు. వాయవ్యాన రాయదుర్గం కొండ, దాని మీద విజయనగర కాలపు కోట. ఆ తాలూకా 1953 దాకా బళ్ళారి జిల్లాలోదే. కర్ణాటక సరిహద్దు గీత ఇక్కడి నుంచి కంటికి ఆనదు. పల్లెల్లో మాటా ఆ గీతను పెద్దగా పట్టించుకోదు, కన్నడంలో మొదలై తెలుగులో ముగుస్తుంది.

అవతలి వైపు దిగడమంటే వంకలోకి దిగడమే. వానాకాలపు ఒక్క రాత్రి నీళ్ళు కోసిన కోత. గట్లు నిలువుగా, అడుగున గుండ్రాళ్ళు. పెడళ్ళు సమంగా పెట్టి నిలబడి, మోచేతులు వదులుగా ఉంచితే ముందు ఫోర్కు దెబ్బలన్నీ మింగుతుంది. పై నుంచి చూస్తే ఇక్కడంతా చెల్లాచెదురు గుట్టలే గానీ చక్రం కింద మాత్రం ఒక వరస దొరుకుతుంది. చేను నుంచి వంక, వంక నుంచి చెరువు, చెరువు నుంచి ఏరు. మనం తొక్కుతున్నదంతా నీళ్ళు పోయిన తోవే. నీళ్ళు మాత్రం లేవు, వాటి పని మిగిలింది. ఎక్కడ ఉధృతంగా పోయాయో అక్కడ రాళ్ళు, ఎక్కడ మందగించాయో అక్కడ ఇసుక, ఎక్కడ ఆగాయో అక్కడ ఒండ్రు.

ఆ ఒండ్రు వచ్చేసింది, ఎండిన చెరువు కడుపు. నల్లటి మన్ను పలకలు పలకలుగా బీటలిచ్చింది. బీటలకు అడ్డంగా పోతే హాయి. నిలువుగా పోతే చక్రం బీటలో ఇరుక్కుని మనిషి ముందుకు పోతాడు. కట్ట ఎక్కితే గొర్రెల మంద ఎదురొస్తుంది. దిగి నిలబడాల్సిందే, మందకు బెల్లు వినపడదు. కాపరి భుజాన గొంగడి, చేతిలో కొక్కెం కర్ర.

"యాడికి పోతాండారు సార్?"

"ఏట్లోకి."

"ఏట్లో ఏముండాది?"

"ఇసుక."

"దానికి సైకిలెందుకు సార్, ట్రాక్టరు తెచ్చుకోవల్ల గదా."

తర్వాత కనబడేది భైరవానితిప్ప ఆనకట్ట. వేదవతి మీద కట్టారు, హగరి అన్నది దాని మరో పేరే. 1961 నాటిది, 12,000 ఎకరాల ఆయకట్టు దీని పేర రాసి ఉంది. ఆ ఎకరాలు నీళ్ళు చూసిన ఏళ్ళు మాత్రం తక్కువ. కారణం ఎగువన ఉంది. కర్ణాటకలో హిరియూరు దగ్గర ఇదే నదికి 1907లో వాణీ విలాస సాగరం కట్టారు. అది పొంగితేనే ఇక్కడికి నిండు ప్రవాహం. 1933లో పొంగింది, మళ్ళీ పొంగింది 2022లో. ఒక మనిషి పుట్టి, సేద్యం చేసి, ముసలివాడై పోవడానికి సరిపడా ఎడం అది. జీడిపల్లి నుంచి కృష్ణా నీళ్ళు ఎత్తి ఇక్కడ పోస్తామన్న పథకం ఉంది. ఆ మాట ఈ ఊళ్ళలో ఎంతో కాలంగా నలుగుతోంది.

ఆనకట్ట దిగువన ఏటిలోకి దిగుతాం. ఇక్కడే అసలు పని. ముందు టైర్లలో గాలి వదలాలి. గరుసు మీద ముప్పై దాకా ఉన్న ఒత్తిడిని ఇరవై కిందికి తేవాలి. బొటనవేలితో నొక్కితే లోపలికి పోవాలి, అదే కొలత. మెత్తబడిన టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. బరువంతా వెనక చక్రం మీద వేసి, ముందు చక్రం ఎటు పోతే అటు పోనివ్వాలి. హ్యాండిల్‌తో పోట్లాడితే అది అడ్డం తిరిగి దిగబడుతుంది. తేలిక గేరు, ఆగని తొక్కుడు, చిన్న తిప్పుడు. గాలి తిన్నగా వీచిన చోట ఇసుక మీద సన్నటి అలలు ఉంటాయి, అవి గట్టిగా ఉంటాయి. అలలు లేని నునుపు చోటు పిండిలా దిగుతుంది. నునుపు చూసి మురిసిపోకూడదు.

నడిమధ్యలో ఎవరో చెలమ తీశారు. మోకాలి లోతులో ఊట. పక్కన కుక్క అడుగులు, ఒక బిందె ఆనిన గుండ్రటి గుర్తు. ఏరు ఎండిందని పైన చూసి అంటాం గానీ ఇసుక కింద అది ఇంకా నడుస్తూనే ఉంది. ఇసుక తోడేసిన చోట ఆ నడకా ఆగిపోతుంది. ఒడ్డున ట్రాక్టరు గాడులు ఎంత లోతు దిగాయో చూస్తే కాపరి మాటలో నవ్వు ఎంతో, నిజం ఎంతో తెలుస్తుంది.

ఇదే ఏటి వెంట ఉత్తరంగా పోతే కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాలు వస్తాయి. దర్గా హొన్నూరు దగ్గర ఇసుక ఏటిలో ఉండదు, ఊరి మీదికి వస్తుంది. మూడు నాలుగు నెలల పడమటి గాలి పొడి ఏటిని ఊడ్చి తూర్పు ఒడ్డున దిబ్బలు పోస్తుంది. దిబ్బ కింద పడినవి ఒకప్పటి చేలు. ఆ దిబ్బల మీద సైకిలు తొక్కితే ఫొటోలు బాగా వస్తాయి. కింద ఎవరి పొలం ఉందో తెలిశాక తొక్కబుద్ధి కాదు, నాకైతే. ఏటి ఇసుక చాలు.

తిరుగు దారి రాయదుర్గం వైపు, వాయవ్యంగా. ఇప్పుడు గాలి ఎదురు. తారురోడ్డే అయినా తేలిక గేరులోనే పాకాలి. గొంతులో దుమ్ము, గొలుసులో ఇసుక, ప్రతి తిప్పుకూ కరకర. మెత్తటి టైర్లు రోడ్డుకు అంటుకుపోతున్నాయి. చేతిపంపుతో లావు టైరు నింపేసరికి భుజాలు పడిపోతాయి. ఊరి మొదట్లో, జీన్స్ ప్యాంట్లు కుట్టే మిషన్ల చప్పుడు మొదలయ్యే చోట, ఒక పంక్చర్ షాపు. కంప్రెసర్ ఉంది. కుర్రాడు గొట్టం తెచ్చి వాల్వు చూసి ఆగిపోయాడు. సన్నటి విదేశీ వాల్వు, మోటారుసైకిలు గొట్టం దాన్ని పట్టదు. నా జేబులోంచి చిన్న ఇత్తడి అడాప్టరు తీసి బిగిస్తే బుస్సున ఎక్కింది.

"ఎంత?"

"మామూలు సైకిలుకు ఐదు సార్. దీనికి పది."

"అదే గాలి కదా?"

"గాలి అదే సార్. మూతి చిన్నది, పని ఎక్కువ."