చేతికందిన కాగితం

ఒక కప్పు కొబ్బరి, రెండు కప్పుల పిండి, ఒక కప్పు చక్కెర, అర కప్పు వెన్న, అర కప్పు పాలు, రెండు గుడ్లు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, ఆమ్‌హర్స్ట్ ఊళ్లో ఎమిలీ డికిన్సన్ కొబ్బరి కేకు కోసం రాసి పెట్టుకున్న కొలతలివి. ఆ కాగితాన్ని తిప్పి చూస్తే వెనకవైపు ఒక కవిత చిత్తుప్రతి ఉంది. ఎన్నటికీ తిరిగిరాని వాటి గురించిన కవిత అది. కేకు ఏ రోజు చేసిందో, కవిత ఏ రోజు తట్టిందో మనకెందుకు? వంటకూ కవిత్వానికీ ఒకే కాగితం చాలిందన్న సంగతే నన్ను పట్టేసింది. అప్పట్నుంచీ అమెరికా రచయితలు దేనిమీద రాశారో వెతకడం మొదలుపెట్టాను. వెతికేకొద్దీ ఒక నమ్మకం బలపడింది. మనం శైలి అని గొప్పగా చెప్పుకునేదాంట్లో, రాసేవాళ్ల చేతికి అందిన కాగితం వాటా చాలానే ఉంది.

ఎమిలీ పేదది కాదు. తండ్రి ఎడ్వర్డ్ డికిన్సన్ లాయరు, ఆమ్‌హర్స్ట్ కాలేజీ కోశాధికారి, కొన్నాళ్లు అమెరికా కాంగ్రెస్ సభ్యుడు. ఆ ఇంట్లో మంచి కాగితానికి కొదవే లేదు. అయినా ఆమె చివరి దశలో పాత కవర్లు విప్పి వాటి లోపలివైపు రాసింది. ఫ్రెంచి చాక్లెట్ చుట్టిన కాగితాన్నీ వదల్లేదు. దీని వెనక ఒక ఇంటి అలవాటు ఉంది. ఆ కాలపు న్యూ ఇంగ్లండ్ గృహిణులకు లిడియా మరియా చైల్డ్ 1829లో రాసిన పొదుపు పుస్తకం పెద్దబాలశిక్ష లాంటిది. పాత ఉత్తరాల వెనకవైపు పారేయకుండా రాతకు దాచుకోమని అందులో ఒక సలహా. డికిన్సన్ ఇంట్లోనూ ఆ పుస్తకం ఉండేది.

అసలు ఆ కవర్లు ఎక్కణ్నుంచి వచ్చాయి? ఎమిలీ చిన్నప్పుడు అమెరికాలో కవరు వాడకమే అరుదు. తపాలా రుసుము ఎన్ని కాగితాలు, ఎంత దూరం అన్న లెక్కన పడేది. కవరు కూడా ఒక కాగితమే కనుక దానికీ డబ్బు కట్టాలి. అందుకే ఉత్తరాన్నే మడిచి, లక్కముద్ర వేసి, దానిమీదే చిరునామా రాసేవాళ్లు. 1845 చట్టం ఆ పద్ధతి మార్చి, బరువును బట్టి రుసుము పెట్టింది. కవరు చవకైంది. 1853లో అదే మసాచుసెట్స్‌లోని వుస్టర్‌లో రస్సెల్ హాస్ అనే వైద్యుడు కవర్లు మడిచే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఇక కవర్లు ఇంటింటికీ చేరాయి.

ఆ వుస్టర్ పోస్టాఫీసులోనే 1862 ఏప్రిల్‌లో థామస్ వెంట్‌వర్త్ హిగ్గిన్సన్ అనే రచయిత ఒక వింత ఉత్తరం అందుకున్నాడు. లోపల నాలుగు కవితలున్నాయి, ఉత్తరం కింద మాత్రం సంతకం లేదు. ఒక చిన్న కార్డు మీద పేరు రాసి, దాన్ని మళ్లీ వేరే చిట్టి కవరులో పెట్టి పంపింది ఎమిలీ! పేరును కూడా కవరులో దాచుకున్న మనిషి. ఆ చేతిరాత చూస్తే, ఆమ్‌హర్స్ట్ మ్యూజియంలోని రాతి మీద పక్షుల అడుగుజాడలు చూసి అక్షరాలు దిద్దుకుందేమో అనిపించిందని హిగ్గిన్సన్ తర్వాత రాశాడు. నాకు ఆ పోలిక చాలా ఇష్టం.

ఎమిలీ కవితలు రాసుకున్న ఆ కవరు ముక్కల ఫొటోలు 2013లో పుస్తకంగా వచ్చాయి, మొత్తం 52. వాటిని ఒక్కొక్కటే చూడాలి. ఆశ తన ఇల్లు ఎలా కడుతుందో చెప్పే కవిత ఒకటుంది. దాన్ని రాసిన కవరు ముక్క ఇంటి ఆకారంలోనే ఉంది, పైన కోణంగా కప్పు, కింద గోడలు. ఇంకొక కాగితం మీద వాడని మూడు సెంట్ల స్టాంపు అంటించింది, దాని మీద రైలింజను బొమ్మ. స్టాంపు కింద నుంచి పత్రికలో కత్తిరించిన రెండు సన్నటి ముక్కలు పొడుచుకొచ్చినట్టు ఉంటాయి. ఒకదాని మీద ఫ్రెంచి రచయిత్రి జార్జ్ సాండ్ పేరు, రెండోదాని మీద ఆమె నవల పేరు. ఆ స్టాంపు చుట్టూ తిరుగుతూ, సాలీడు గురించిన కవిత నడుస్తుంది. సాలీడు కాళ్లు చూసినట్టే ఉంటుంది.

అంతకుముందు, అంటే 1858 నుంచి 1864 దాకా ఆమె పద్ధతి వేరు. మంచి కాగితాలు మడిచి, కవితలు శుభ్రంగా ఎత్తి రాసి, పక్కన దారంతో కుట్టి నోటుపుస్తకాలు చేసుకుంది. అలాంటివి 40. కొన్ని మాటల పక్కన చిన్న కూడిక గుర్తు పెట్టి, పేజీ అడుగున ఆ మాటకు బదులు మాటలు రాసింది. ఏ మాట ఉంచాలో తేల్చలేదు. ఆ తేల్చకపోవడమే ఆమె కవిత్వమని నా అభిప్రాయం. వెళ్లిపోయే మాట కూడా వెళ్లకుండా అక్కడే నిలబడి ఉంటుంది.

1886లో ఎమిలీ పోయాక చెల్లెలు లవీనియాకు ఆ కట్టలు దొరికాయి. మొత్తం సుమారు 1,800 కవితలు. బతికుండగా అచ్చయినవి పదికి అటూ ఇటూ. 1890లో మేబల్ లూమిస్ టాడ్, హిగ్గిన్సన్ కలిసి మొదటి సంపుటి తెచ్చారు. కవితలకు ఆమె పెట్టని పేర్లు పెట్టారు, ప్రాసలు సరిచేశారు, ఆమె గీసిన అడ్డగీతలు చాలాచోట్ల తీసి కామాలు వేశారు. నోటుపుస్తకాల దారాలు తెంపేశారు. వాళ్లు లేకపోతే ఎమిలీ మనకు చేరేదే కాదన్నది నిజమే. అయినా ఆ దారాలు తలచుకుంటే మనసు కష్టంగా ఉంటుంది. అడ్డగీతలు తిరిగి రావడానికి 1955లో థామస్ జాన్సన్ సంపుటాలు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. దారం ఎక్కడెక్కడ పోయిందో సూది రంధ్రాలు, మరకలు చూసి పోల్చుకుని, 1981లో ఆర్. డబ్ల్యూ. ఫ్రాంక్లిన్ ఆ నోటుపుస్తకాల వరుసను మళ్లీ కూర్చాడు.

ఎమిలీకి ఇరుకు కాగితం చాలితే, ఆమె సమకాలిక కవి వాల్ట్ విట్‌మన్‌కు ఎంత వెడల్పూ చాలలేదు. 1855లో బ్రూక్లిన్‌లో రోమ్ సోదరుల ప్రెస్సులో ‘లీవ్స్ ఆఫ్ గ్రాస్’ అచ్చయింది. కొన్ని పేజీలకు అచ్చక్షరాలు కవే స్వయంగా పేర్చాడు. ఆ ప్రెస్సు లాయర్లకు ఫారాలు వేసేది. అందుకు తెచ్చిన పెద్ద సైజు కాగితమే ఆ పుస్తకాన్ని అంత పెద్దది చేసి ఉంటుందని ఎడ్ ఫోల్సమ్ అనే పరిశోధకుడి వాదన. నేను నమ్ముతాను. మరుసటేడు రెండో ముద్రణ జేబు సైజులో వచ్చింది. ఒక్క ఊపులో సాగాల్సిన పంక్తులన్నీ అందులో విరిగి కిందికి దిగాయి. చిత్తుప్రతులకు విట్‌మన్ ఏం వాడాడో తెలుసా? విలియమ్స్‌బర్గ్ అనే ఊరు 1855లో బ్రూక్లిన్‌లో కలిసిపోయింది. లేని ఊరి పన్ను ఫారాలు ఎవరికి కావాలి? వాటి వెనకవైపు కవితలు రాశాడు.

ఆ తర్వాత టైప్‌రైటర్ వచ్చింది, చాలాకాలం అందరి కాగితమూ ఒకే కొలతకు వచ్చింది. ఆ రోజుల నుంచి నాకు చెప్పాలనిపించే కథలు తక్కువే.

విలియం కార్లోస్ విలియమ్స్ మాత్రం వేరు. న్యూజెర్సీలోని రూథర్‌ఫర్డ్‌లో డాక్టరు. పురుళ్లు పోస్తూ, పిల్లలకు మందులిస్తూ, సందు దొరికినప్పుడల్లా మందులచీటీల మీద రాసుకునేవాడు. 1923లో వచ్చిన ఎర్ర తోపుడుబండి కవితలో మొత్తం 16 మాటలు. అది చీటీ మీద పుట్టిందని నేననను. కానీ రోజంతా చీటీలు రాసే చేతికి మాట పొదుపు నేర్పాల్సిన పని లేదు. తోపుడుబండి అంటే నవలాకారుడు విలియం ఫాక్నర్ గుర్తొస్తాడు. 1929లో మిసిసిపీ విశ్వవిద్యాలయం పవర్‌హౌస్‌లో రాత్రి డ్యూటీ చేస్తూ, అలాంటి బండినే బోర్లించి బల్లగా చేసుకుని ‘యాజ్ ఐ లే డైయింగ్’ రాశానని ఆయనే చెప్పుకున్నాడు. మరో నవల ‘ఎ ఫేబుల్’ కథాక్రమాన్నయితే ఏకంగా ఇంటి గోడ మీద రాశాడు. మిసిసిపీలోని ఆక్స్‌ఫర్డ్ ఊళ్లో రోవన్ ఓక్ అనే ఆ ఇంటికి వెళ్తే వారం రోజుల పేర్లతో సహా ఆ గోడ ఇప్పటికీ చూడొచ్చు.

ఏ. ఆర్. ఆమన్స్ 1963 డిసెంబరులో కూడికల యంత్రంలో వేసే సన్నటి కాగితపు చుట్టను టైప్‌రైటర్‌కు ఎక్కించి, రోజువారీ డైరీలాగా ఒకే దీర్ఘకవిత రాస్తూ పోయాడు. పంక్తి ఎంత ఉండాలో చుట్ట వెడల్పు చెప్పింది, కవిత ఎక్కడ ఆగాలో చుట్ట పొడవు చెప్పింది. జనవరి 10న ఆగింది. ఛందస్సును వదిలేసిన కవి అంగడిలో కొన్న కాగితం నియమానికి అంత సంతోషంగా ఒదిగిపోవడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

ఆయనకు పన్నెండేళ్ల ముందు జాక్ కెరువాక్ కాగితాలు ఒకదానికొకటి అతికించి 120 అడుగుల చుట్ట చేశాడు. 1951 ఏప్రిల్‌లో మన్‌హాటన్‌లో మూడు వారాలు కూర్చుని, ‘ఆన్ ది రోడ్’ నవలను పేరాలు లేకుండా ఒకే ప్రవాహంగా టైపు చేశాడు. కాగితం మార్చడానికి ఆగితే ఊపు పోతుందని ఆయన భయం. 1957లో పుస్తకం వచ్చేసరికి పేరాలు పడ్డాయి, అసలు మనుషుల పేర్లు మారాయి. 2001 వేలంలో ఆ చుట్ట 24.3 లక్షల డాలర్లు పలికింది. దాని చివరి అడుగులు మాత్రం లేవు. స్నేహితుడి కుక్క నమిలేసిందని చుట్ట మీద కెరువాక్ చేతిరాతే చెబుతోంది. 2007లో చుట్టను ఉన్నదున్నట్టు అచ్చు వేసినప్పుడు, ఆ పోయిన ముగింపును తర్వాతి ప్రతుల నుంచి తెచ్చి పూరించారు.