జంట చిత్రములు – జివతి సీమ జ్ఞాపకములు

ఒక సీమ చరిత్ర శాసనములందును, సర్కారు దస్తావేజులందును మాత్రమే నిలిచియుండదు. ఇంటి పెట్టెల అడుగున పడియున్న ఛాయాచిత్రములందును అది కొంత దాగియుండును. మాణిక్‌గఢ్ కొండల సీమయైన మన జివతికి ఈ మాట మఱింత వర్తించును. 1956 వరకు రాజురా ప్రాంతము హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలోనిది. ఆ సంవత్సరము రాష్ట్రముల పునర్విభజన జరుగగా నాందేడు జిల్లాలో చేరి, 1959లో చాందా జిల్లాకు మారినది. పిమ్మట రాజురా నుండి వేఱుపడి జివతి తాలూకా యేర్పడినది. ఊళ్ళు కదలలేదు, కచేరీలు మారినవి. తెలుగు ఇంటి భాషగా మిగిలినది. ఇట్టిచోట మన పెద్దల వేషభాషలకును, పెండ్లి పందిళ్ళకును సాక్ష్యము మన ఇండ్లలోని చిత్రములే.

వానిలో స్టీరియో స్లైడులు అరుదైనవి. మన రెండు కన్నులు ఒకే వస్తువును ఇంచుక వేఱు కోణములనుండి చూచును. ఆ రెంటిని మనస్సు కలుపుటచే లోతు గోచరించును. ఈ సూత్రమును వీట్‌స్టన్ 1838లో లోకమునకు వెల్లడించెను. 1851 నాటి లండను మహాప్రదర్శనము తరువాత స్టీరియోస్కోపు ఇంటింటి వేడుక యైనది. 1939లో వ్యూమాస్టరు వచ్చినది: ఒక చక్రమున 14 చిన్న ఫిల్ము ముక్కలు, 7 దృశ్యములు. 1947లో వెలువడిన స్టీరియో రియలిస్టు కెమెరాతో గృహస్థులును 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై జంట స్లైడులు తీయగలిగిరి.

పాత చిత్రములను కాపాడుట యెట్టి మేలు చేయునో మన పొరుగుననే నిదర్శనము కలదు. 1940లో కొమురం భీము మరణించిన పిమ్మట నిజాము ప్రభుత్వము గోండుల స్థితిగతులు పరిశీలించుటకు హైమెన్‌డార్ఫ్ పండితుని నియోగించెను. ఆయన మార్లవాయిలో నివసించి రాజగోండుల జీవితమును ఛాయాచిత్రములందును, చలనచిత్రములందును బంధించెను. అవి జంట చిత్రములు కావు. కాని నేడు లండనులోని సోయాస్ విద్యాసంస్థయందు భద్రపరుపబడి, వానిలో పెక్కు డిజిటల్ రూపమున లభించుచున్నవి. ఊరు, కాలము తెలిసియుండుటచేతనే అవి చరిత్రకు ఆధారములైనవి.

ఆ పనినే మనము ఇంటిలో చిన్న మేర చేసికొనవచ్చును. మొదట స్లైడుపై దుమ్మును మెత్తని కుంచెతోను, గాలి బుడ్డితోను తొలగింపవలెను. ఫిల్మును వెనుకనుండి వెలిగించు స్కానరుపై అంగుళమునకు 2400 చుక్కల చొప్పున తీసినచో, సాధారణ 35 మిల్లీమీటర్ల స్లైడు సుమారు 3400 × 2270 చుక్కల చిత్రమగును. జంటలోని రెండింటిని ఒకే కొలతతో, ఒకే వెలుతురు అమరికతో తీయవలెను. ఎడమ కుడులు తారుమారైనచో ముందున్నది వెనుకకు పోయినట్లు తోచును. ధూళిని చెరుపు పరారుణ కిరణ సౌకర్యమును నలుపు తెలుపు ఫిల్ముపై వాడరాదు. అందలి వెండినే అది ధూళిగా భ్రమించును. సిద్ధమైన జంటను పక్కపక్కన నిలిపి, ఫోనునకు అమర్చు కటకముల పెట్టెలో చూడవచ్చును.

చలనచిత్రపు చుట్టలకు మఱింత జాగ్రత్త వలయును. డబ్బా తెఱవగనే పులిసిన సిర్కా వాసన వచ్చినచో ఆ ఫిల్ము క్షీణించుచున్నదని యెఱుగవలెను. దానిని పాత ప్రొజెక్టరులో త్రిప్పరాదు. ఇతర చుట్టలనుండి వేఱుచేసి, ఒక్కొక్క బొమ్మగా స్కాను చేయువారికి వెంటనే అప్పగింపవలెను.

ఇంతయు చేసినను పని సగమే. ఏ యంత్రమును ఆ ముఖము ఎవరిదో చెప్పజాలదు. మేనత్త యెవరో, ఆ బావి యే యూరిదో, ఆ పెండ్లి యే సంవత్సరము జరిగెనో ఎఱిగినవారు మన ఇండ్లలో ఏటేట తగ్గుచున్నారు. మన పిల్లలలో పలువురు మరాఠీ బడులలో చదువుచున్నారు. తెలుగు వినగలరు గాని చదువలేరు. కావున ప్రతి చిత్రమునకు పేరును, ఊరును, సంవత్సరమును తెలుగులోను మరాఠీలోను వ్రాసి ఉంచుదము. ఒక ప్రతి ఇంటిలోను, ఒకటి వేఱూరి బంధువుల వద్దను ఉంచి, మూలపు స్లైడులను పారవేయక పొడిచోట దాచుదము. ఈ దసరాకు పెద్దలు కూడినపుడే పెట్టెలు తెఱచి, వారి నోట ఆ పేర్లు చెప్పించుకొందము.