తెప్పలు, కుట్టు పడవలు, పందెపు డింగీలు

తిరుపతి వాస్తవ్యులకు తెప్ప అనగానే తెప్పోత్సవము మనస్సున మెదలుతుంది. ఫాల్గుణ పౌర్ణమితో ముగిసే అయిదు రాత్రులు తిరుమల స్వామి పుష్కరిణిపై తెప్ప తిరుగుతుంది. కడపటి రాత్రి ఏడు చుట్లు. ఆ తెప్పకు త్వర లేదు. కాని అదే పేరుగల మరొక తెప్ప మన తూర్పు తీరమున శతాబ్దాలుగా అలలతో పోటీపడినది. లోకములోని పడవ పందెముల చరిత్రలో దానికి కూడ ఒక చోటున్నది. ఆ కథను ఒకసారి స్మరించుకొందము.

ఇది మనకు దూరపు కథ కాదు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, తడ ప్రాంతములు అందులో చేరినవి. కొండలకు పేరుపడిన జిల్లాకు ఆ విధముగా పులికాటు సరస్సు తీరము లభించినది. ఆ సరస్సు చాల చోట్ల నిలువెత్తు లోతు కూడ ఉండదు. అక్కడ అడుగు బల్లపరుపుగా ఉన్న దోనెలే సుఖముగా సాగుతాయి. శ్రీహరికోట దీవిని దాటితే బంగాళాఖాతము; అక్కడ అల ఒడ్డును చేరి విరిగి పడుతుంది. ఆ దెబ్బకు దోనె ఆగదు. నీరు మారిన చోటనెల్ల పడవ రూపము కూడ మారవలసి వచ్చినది.

అలను దాటుటకు మన జాలరులు కనిపెట్టిన సాధనము తెప్ప. తేలిక జాతి దుంగలను చెక్కి, ప్రక్క ప్రక్కన పేర్చి, తాళ్లతో బిగిస్తారు. అల మీద పడినా నీరు సందులగుండా జారిపోతుంది; కనుక మునగదు. ఒడ్డు చేరగానే కట్లు విప్పి దుంగలను ఆరబెడతారు. ఉత్తరమున విశాఖపట్టణము వైపు ఇదే తెప్ప వేరు రూపము దాల్చినది. అక్కడ దుంగలను కొయ్య మేకులతో కూర్చి, అంచులకు పలకలు నిలిపి, పడవ ఆకారము తెచ్చినారు.

రెండవది మసూలా పడవ. దీని పలకలకు ఇనుప మేకులు లేవు. కొబ్బరి పీచు తాడుతో కుట్టినవి. లోపల పక్కటెముకల వంటి కొయ్యలు కూడ లేవు. అల తాకినప్పుడు పడవ ఒళ్లు కొంత వంగి, మరల సర్దుకొంటుంది. మదరాసునకు రేవు ఏర్పడక పూర్వము ఓడలలో వచ్చిన దొరలందరు ఈ కుట్టు పడవలను నమ్మియే ఒడ్డెక్కినారు.

చిత్తూరు సీమలో తమిళము విననివారు అరుదు. కట్టు, మరము అను రెండు మాటలు కలిసి కట్టుమరము అయినవని వేరుగ చెప్పనక్కరలేదు. ఆంగ్ల నావికుడు విలియం డాంపియర్ 1697లో అచ్చయిన తన యాత్రా గ్రంథములో కోరమాండల్ తీరపు ఈ తెప్పలను వర్ణించినాడు. ఆ మాట ఇంగ్లీషులో కాటమరాన్ అయినది. 1876లో నథానియేల్ హెరెషాఫ్ అను అమెరికను శిల్పి రెండు సన్నని పడవలను జతచేసి ‘అమరిల్లిస్’ నిర్మించినాడు. అది న్యూయార్క్ పందెములో పేరుమోసిన పడవలను వెనుకకు నెట్టినది. ఓడినవారు అభ్యంతరము చెప్పగా దానిని పందెము నుండి తొలగించినారు! రూపము పసిఫిక్ దీవుల జంట పడవలకు దగ్గర. పేరు మాత్రము మన తీరపుది. డింగీ అను మాట కూడ హిందీ, బెంగాలీ భాషల నుండి పోయినదే.

పందెపు డింగీల శిల్పము మరొక త్రోవ పట్టినది. 1946లో ఉఫ్ఫా ఫాక్స్ రూపొందించిన ఫైర్‌ఫ్లై పొడవు 12 అడుగులు. పలుచని చెక్క పొరలను జిగురుతో అతికి, అచ్చుపై వేడిచేసి దాని ఒడలు తయారుచేసినారు. 1948 ఒలింపిక్ క్రీడలలో దానినెక్కి డెన్మార్కు యువకుడు పాల్ ఎల్వ్‌స్ట్రోమ్ స్వర్ణపతకము గెలుచుకొన్నాడు. 1963లో వచ్చిన మిర్రర్ డింగీ మరింత చిత్రమైనది. ప్లైవుడ్ పలకలను రాగి తీగతో కుట్టి, ఆ కుట్టు మీద గాజునార పట్టీ వేసి జిగురు పూస్తారు. ఈ పద్ధతిన ఇంటివద్దనే కట్టుకొనుటకు వీలైనందున అవి 70,000కు పైగా వెలసినవి. మసూలా పడవను ఎరిగినవారికి కుట్టు క్రొత్త కాదు, తీగయే క్రొత్త.

డింగీలకు అంగుళముల వరకు నియమములున్నవి. ఒక తరగతి పడవలన్నియు ఒకే కొలతగా ఉన్నప్పుడే గెలుపు నడిపినవానిది అవుతుంది. మన తెప్పలకు అట్టి నియమము లేదు. కట్టినవాని కన్ను, ఆ ఊరి అల, ఇవే కొలతలు.

తరువాత గాజునార వచ్చినది. రెండు చోట్లను కొయ్య వెనుకబడినది. 2004 డిసెంబరు సునామీ తరువాత మన తీరమున ఆ మార్పు మరింత వేగముగా సాగినది. తేలికయై, చివుకని పడవను జాలరి కోరుట తప్పు కాదు. కాని బ్రిటనులో పాత కొయ్య డింగీల కొరకే ఒక సంఘము ఉన్నది. వాటిని బాగుచేసి నేటికి పందెములకు దింపుతారు. మన తెప్ప కట్లు విప్పితే మిగిలేవి దుంగలే. ఆరిన దుంగ పొయ్యిలోనికి పోయినదా, అది ఎట్టి తెప్పయో ఇక చెప్పలేము. మన పడవల రూపభేదములను తెలుసుకొనుటకు 1920లో జేమ్స్ హార్నెల్ వ్రాసిన గ్రంథమును ఆశ్రయించవలసి వస్తున్నది.

కనుక మా మనవి ఒక్కటే. తడ, సూళ్లూరుపేట వైపు చుట్టములున్నవారు ఈసారి పోయినప్పుడు తీరమునందలి పెద్దలను అడుగుడు. ఎన్ని దుంగలు, ఏ కొయ్య, ఏ ముడి, ఏ గాలికి ఏ తెరచాప? వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసి ఉంచుడు. ముడి వేసిన చేతులుండగనే ముడి పేరు తెలుసుకొనవలెను.