కోవెలకుంట్ల కోట మీది తల

అహోబిలం చుట్టుపక్కల ఊళ్లలో ఓబులేసులకూ ఓబన్నలకూ నరసింహలకూ కొదవ లేదు. కొండమీది సామి పేరు బిడ్డకు పెట్టుకోవడం ఇక్కడి పాత ఆనవాయితీ. 1846లో కుంఫిణీ మీద తిరగబడిన ఇద్దరివీ ఆ సామి పేర్లే: ఉయ్యాలవాడ నరసింహారెడ్డి, అతని కుడిభుజం వడ్డె ఓబన్న.

1800లో నిజాం ఈ సీమను కుంఫిణీకి రాసిచ్చాడు. కలెక్టరుగా వచ్చిన మన్రో పాళెగాళ్ల బలగాలు లేకుండా చేసి, కొందరిని భరణాలతో ఊరుకోబెట్టాడు. నరసింహారెడ్డి తాత, నొస్సం పాళెగాడు జయరామిరెడ్డి పాళెం అలాగే పోయింది. మనవడి వాటాకు వచ్చింది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఈలోగా ఊరి కాపలా కాసే కట్టుబడుల మాన్యాలకూ సర్కారు ఎసరు పెట్టింది. భరణం గొడవ ఒక్కటే అయితే అది ఒక ఇంటి పంచాయితీగా తేలిపోయేదేమో. మాన్యం పోయినవాళ్లు వెంట నడవడంతో రేనాడు అని పిలిచే ఈ ప్రాంతమంతా అంటుకుంది. జులైలో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డారు. గిద్దలూరు దగ్గర కుంఫిణీ సైన్యంతో తలపడ్డారు. అక్టోబరు 6న పేరుసోముల దగ్గరి కొండల్లో రెడ్డి పట్టుబడ్డాడు.

1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో రెండువేల మంది చూస్తుండగా ఉరితీశారు. తలను మాత్రం 1877 దాకా కోటకు వేలాడదీసి ఉంచారు.

ముప్పై ఏళ్లు! ఉరినాటికి పుట్టని పిల్లలు పెరిగి, పెళ్లిళ్లు చేసుకుని, బిడ్డల్ని కన్నంత కాలం. ఆ దారిన పోయే పిల్లలు ‘ఎవరిదబ్బా అది?’ అని అడక్కుండా ఉంటారా? పెద్దలు చెప్పక తప్పేదా? జనం మరిచిపోకుండా సర్కారే కాపలా కాసినట్టయింది. దొరల దస్త్రాల్లో అతను బందిపోటు, జనం పాటల్లో రేనాటి వీరుడు.

ఇలా చచ్చినవాణ్ని ఇంగ్లీషులో మార్టిర్ అంటారు. ఆ మాటకు మూలమైన గ్రీకు పదానికి అర్థం సాక్షి. అరబ్బీ షహీద్‌లోనూ సాక్షి ఉన్నాడు. మన క్రైస్తవులు హతసాక్షి అన్నారు. అహోబిలం కథలోనూ సాక్షి ఉన్నాడు గానీ, ప్రహ్లాదుడు చావడు. చంపబోయినవాడే చస్తాడు. నల్లమలకు ఇంకో కొసన శ్రీశైలంలో వేరే సంప్రదాయం. వీరశైవ భక్తులు శివుడి కోసం తమ తలలూ నాలుకలూ తామే తెగ్గోసుకునే వీరశిరోమండపాన్ని 14వ శతాబ్దంలో రెడ్డిరాజు అనవేమారెడ్డి కట్టించాడు. నరసింహారెడ్డి అలా చావును కోరి వెళ్లినవాడు కాదు. బతకాలనీ గెలవాలనీ అడవి పట్టినవాడు. ఆ రెండువేల మందిలో ఎవరో నోరు విప్పబట్టే అతని చావుకు సాక్ష్యం దొరికింది.

ఇవాళ అమరుడు అన్న మాటకు కరువు లేదు. యాభై ఎనిమిది రోజులు నిరాహారంగా ఉండి 1952 డిసెంబరు 15న కన్నుమూసిన పొట్టి శ్రీరాములుకు అమరజీవి ఇంటిపేరులా అతుక్కుపోయింది, అది ఆయనకే చెల్లింది. అక్టోబరు 21న పోలీసులు తమ అమరవీరులకు వందనం చేస్తారు. నక్సలైట్లు ఎర్రస్తూపం మీద రాసుకునేదీ అదే మాట. మన సీమలో పార్టీ కక్షల్లో బాంబుకో వేటకొడవలికో బలైనవాడి ఫ్లెక్సీ మీదికీ ఎక్కింది. అచ్చు వేయించేది చచ్చినవాడి మనుషులు, వాళ్లతో వాదించడం కష్టం. నాకు మాత్రం ఒకటే కొలత: అవతలి ఊరివాళ్లు కూడా ఆ మాట అంటారా?

నరసింహారెడ్డి విషయంలో అన్నారు, కాకపోతే సర్కారుకు వినపడడానికి కాలం పట్టింది. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి అతని పేరు పెట్టారు. వడ్డె ఓబన్నను పాటగాళ్లు అంతకు చాలా ముందే రెడ్డి పక్కన నిలబెట్టారు.